నాలుగో పాయ

మా ఆవిడ నోటి వెంట 'నాకు రాదు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళైన కొత్తలో సైకిల్ తొక్కడం వచ్చా అని అడిగితే, వచ్చు అంది. ఆ సాయంత్రమే ఎదురింటి గోడకు గుద్దుకుని, మోచేయి దులుపుకుంటూ, "బ్రేకు ఎక్కడుందో ముందే చెప్పాలి కదండీ" అని నన్నే తప్పుపట్టింది. వారం తిరక్కుండా నిజంగానే నేర్చేసుకుంది. అందుకే ఆవిడ ఏదైనా వచ్చు అంటే నేను వాదానికి దిగను. ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. ఈలోగా గోడల సంగతి చూసుకుంటే చాలు.

ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసి పోయినేడు రిటైరైంది. ఉద్యోగం పేరు ఏదైతేనేం, చేసిన పని మాత్రం జడలు వేయడం. తెల్లవారగానే వరండాలో ఆవిడకో కుర్చీ, దాని ముందు పొట్టి స్టూలు. స్టూలు మీద ఒక పిల్ల, గోడవారగా మిగతా పిల్లల వరస, ఎవరి దువ్వెనా రిబ్బన్లూ వాళ్ళ చేతుల్లో. వేళ్ళకు తగలగానే ఇది పట్టు, ఇది పీచు అని ఆవిడకు తెలిసిపోయేది. పీచు జుట్టుకు ముందు తడిచెయ్యి, తర్వాత దండిగా నూనె, ఆ తర్వాత జడ. సాయంత్రం ఆటలయ్యాక కూడా అది చెక్కుచెదరదు. పిల్లలు ఆవిడకు జడలమ్మ అని పేరు పెట్టారు. చాటుగా కాదు, ఎదురుగానే పిలిచేవారు. ఆవిడ పలికేది కూడా.

మా అమ్మాయికీ చిన్నప్పటి నుంచి జడ వేసింది ఆవిడే. నేను ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ ఉంటే, వంటింటి గుమ్మం దగ్గర నుంచి వాళ్ళ మాటలు వినిపిస్తూ ఉండేవి. లెక్కల పరీక్ష పోయిన సంగతి, స్నేహితురాలితో చెడిన సంగతి, ఎవడో కుర్రాడు వెంటపడుతున్న సంగతి, అన్నీ ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని, తల్లి వైపు వీపు పెట్టి చెప్పినవే. ఎదురుగా నిలబెట్టి అడిగితే ఒక్క ముక్క రాలేది కాదు.

రెండేళ్ళ కిందట మా అమ్మాయి ఫుట్‌బాల్ రిఫరీ శిక్షణకు వెళ్ళి, జుట్టు చెవుల పైకి కత్తిరించుకుని వచ్చింది. బాగానే ఉంది. మా ఆవిడ కూడా బాగుందే అని, దువ్వెన తీసి సొరుగులో పెట్టేసింది. అప్పటి నుంచి పొద్దున్నే ఆ పిల్ల తల మీద ఇన్ని నీళ్ళు చల్లుకుని, విదిలించుకుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోతుంది. ఎలా ఉన్నావే అంటే బాగున్నా అంటుంది. ఆట ఎలా జరిగింది అంటే జరిగింది అంటుంది.

"జుట్టు పోయిందని కాదండీ నా బాధ," అంది మా ఆవిడ ఒకరోజు. "జుట్టుకేం, మళ్ళీ వస్తుంది. జడ వేస్తున్నప్పుడే అది నాతో మాట్లాడేది. ఇప్పుడు దాన్ని ఎక్కడ కూర్చోబెట్టుకోను?"

చేతిలో ఉన్న మిషనుకు ఇంకో రెండు చుక్కలు నూనె వేశాను.

అలా ఉండగా ఒక పిల్లల మ్యాచ్‌లో మా అమ్మాయి పరిగెడుతూ ఉంటే మెడలో నైలాన్ తాడు క్లిప్పు ఊడి విజిల్ గడ్డిలో ఎక్కడో పడిపోయింది. విజిల్ లేనిదే ఆట లేదు కాబట్టి రెండు జట్లూ వంగుని గడ్డిలో వెతికాయట. ఆ సంగతి కూడా మాకు పక్కింటావిడ చెప్పింది. పెద్దవాళ్ళ లీగ్‌లో మా అమ్మాయి మొదటిసారి రిఫరీగా నిలబడే మ్యాచ్ దగ్గర పడుతోంది. అక్కడ ఇలా జరిగితే తల ఎత్తుకోగలదా?

"తోలుతో అల్లితే ఊడదు. నేనే అల్లి ఇస్తాను," అంది మా ఆవిడ.

"నీకు తోలు పని వచ్చా?"

"జడేగా," అంది.

లైబ్రరీ మేడ మీద శనివారాలు మధ్యాహ్నం సరదా కొద్దీ వచ్చేవాళ్ళకు తోలు అల్లడం నేర్పుతారు. నేర్పే ఆయన జీనులూ బెల్టులూ కుట్టి వేళ్ళు కాయలు కాచిన పెద్దమనిషి. అందరూ బెల్టు మాస్టారు అంటారు. తోడుగా నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. గది నిండా కొత్త చెప్పుల షాపు వాసన. బల్ల అంచున వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి నాలుగేసి సన్నటి తోలు పట్టీలు.

"అంచున ఉన్న పాయ పట్టుకోండి. పక్కనున్న రెండు పాయల వెనక నుంచి అటు తీసుకెళ్ళండి. అక్కడ ఒక పాయ మీదుగా మళ్ళీ ఇటు తీసుకురండి. తర్వాత అటు అంచు పాయ, అదే పద్ధతి," అన్నారు మాస్టారు. "నున్నటి వైపు ఎప్పుడూ పైకే ఉండాలి. నాలుగూ కలిస్తే గుండ్రటి తాడు వస్తుంది."

మా ఆవిడ తల ఊపి మొదలుపెట్టింది. అందరికంటే ముందు ముగించింది. మాస్టారు వచ్చి చూశారు. చక్కటి జడ, అందులో మూడే పాయలు. నాలుగోది పిలవని చుట్టంలా పక్కన వేలాడుతోంది. ఏళ్ళ తరబడి మూడు పాయలకు అలవాటైన చేతులు, నాలుగోదాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

"బాగుందమ్మా," అన్నారాయన మర్యాదగా. "దీన్నేం చేద్దాం?"

"దానికీ చోటు చూస్తాను. మీరు కంగారుపడకండి," అంది మా ఆవిడ.

ఇంటికొచ్చాక పట్టీలు నా పనిబల్ల మీదున్న ఇనుప బిగింపు వైస్‌కు బిగించి ఇచ్చాను. ఇనుముకు బిగించినవి ఎటూ కదలవు కదా అని నా తెలివి. అక్కడ ఆవిడ చేతులు అసలు సాగలేదు. రెండు మలుపులకే చిక్కు. విప్పడం, మళ్ళీ చిక్కు. కొరుకుడు పడని పని ఎదురైతే ఆవిడ తిట్టేది పనిని కాదు, గదిని. వెలుతురు చాలదంది, కిటికీ తప్పు వైపు ఉందంది. చివరికి పట్టీలు వదిలేసి నిలబడి, "తల లేదండీ," అంది.

"ఏమిటి?"

"ఎదురుగా ఒక తల ఉండాలి. నేను అటు లాగితే అది కాస్త ఇటు లాగాలి. ఇనుపముక్క ముందు నిలబడి ఎప్పుడైనా జడ వేశానా?"

ఇంట్లో ఖాళీగా ఉన్న తలకాయ నాదొక్కటే. నా చొక్కా కాలరు వెనక పిన్నీసు గుచ్చి, దానికి కొక్కెం తగిలించి, నన్ను పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. ముందర మిషను పెట్టుకుని నా పని నేను చేసుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చింది. వచ్చిన కస్టమర్లు ముక్కున వేలేసుకున్నారు. ఒకాయన మిషను సంగతి మరచిపోయి, ఎందుకు కట్టేశారండీ అని అడిగాడు. పారిపోతాడేమోనని అంది మా ఆవిడ, చెయ్యి ఆపకుండా. అప్పుడే నాలుగో పాయ దారిలో పడింది.

రోజూ అలా కూర్చోవడంలో నాకొక సంగతి తెలిసింది. వెనకాల మనిషి ఉంటుంది, చేతులు కదులుతూ ఉంటాయి, మెడ దగ్గర మెల్లగా లాగుతూ ఉంటుంది. ముఖం మాత్రం కనపడదు. అలాంటప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట ఒకటి, మిషను చక్రం తుడుస్తూ తుడుస్తూ చెప్పేశాను.

"నాకు సూదిలో దారం ఎక్కడం లేదోయ్. చూపు ఆనడం లేదు. ఈ పని ఇంకెన్నాళ్ళు చేస్తానో అని భయంగా ఉంది."

"తెలుసు," అంది వెనక నుంచి. "కొన్నాళ్ళుగా మీరు లేవకముందే అన్ని మిషన్లకూ దారాలు నేనే ఎక్కించి పెడుతున్నాను. అదీ కనపడలేదా మీకు? రేపు వెళ్ళి అద్దాలు చేయించుకుందాం. ఇటు వంగకండి, పాయ జారుతుంది."

మా అమ్మాయి ఇన్నేళ్ళూ ఏం పొందిందో, మా ఆవిడ ఏం పోగొట్టుకుందో ఆ స్టూలు మీద నాకు అర్థమైంది.

చెయ్యి తిరిగాక మాస్టారి దగ్గర మంచి తోలు తెచ్చింది, ముదురు గోధుమరంగుది. పట్టుకుని చూసి, పీచు అంది. ఇక ఆవిడకు ఎవరూ చెప్పక్కరలేదు. పీచుకు ఏం చేయాలో ఆవిడకు తెలుసు. తడిచెయ్యి, దండిగా నూనె. తర్వాత నా మెడ వెనక అల్లింది. ఎంత నునుపుగా వచ్చిందంటే, మాస్టారే అల్లారని చెప్పినా నమ్ముతారు. మా అమ్మాయి ఆ సాయంత్రం కొత్త పసుపుపచ్చ రిఫరీ చొక్కా వేసుకుని చూసుకుంటూ ఉంటే, తెచ్చి మెడలో వేసింది.

తీసేసరికి కాలరు చుట్టూ గోధుమరంగు నూనె చార.

అమ్మాయి అద్దంలో చార చూసుకుంది. కోపం అణుచుకున్న గొంతుతో, "అమ్మా, బజారు తాడు చాలు. నేను కొనేసుకున్నాను. నువ్వు శ్రమపడకు," అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మా ఆవిడ ఆ చొక్కా తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. సబ్బు రుద్దుతూ ఉంటే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లడం నేను చూశాను. పోనీలే, వదిలెయ్యవోయ్ అన్నాను.

"వదిలెయ్యడానికా ఇన్నిరోజులు మిమ్మల్ని కట్టేసి కూర్చోబెట్టింది?" అంది. "చొక్కా సంగతి నేను చూసుకుంటాను. తాడు సంగతీ నేనే చూసుకుంటాను."

మర్నాడు మాస్టారు ఆ తాడును వాసన చూసి నవ్వారు. "అమ్మా, జుట్టు నూనె పైకి పూసుకుంటుంది. తోలు తాగుతుంది. తాగిందంతా చొక్కా మీద కక్కుతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. కొత్తలో కొంచెం సాగుతుంది, అప్పుడు పొడవు సరిచేసుకోండి."

"నా చేతిలో తప్పు లేదుగా?"

"చేతిలో లేదమ్మా."

"అయితే ఇంకేం," అని మళ్ళీ తోలు తీసుకుని వచ్చింది. ఈసారి నూనె సీసా నాకిచ్చి, తను అడిగినా ఇవ్వొద్దంది. రెండుసార్లు అడిగింది. నేనివ్వలేదు.

మ్యాచ్ రోజు పొద్దున, బజారు తాడు పక్కన తన తాడు పెట్టి, మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మాయి వచ్చి రెండూ చూసింది. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి, తోలు తాడును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గట్టిగా తుడిచింది. రుమాలు విప్పి వెలుతురులో పెట్టి చూసుకుంది. తెల్లగానే ఉంది. విజిల్ దానికే తగిలించుకుని వెళ్ళింది. వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న మనిషి ఊపిరి వదలడం నాకు ముందుగదిలోకి వినిపించింది.

మేమూ వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాం. మా ఆవిడకు ఆట అర్థం కాదు. ఆట సాగినంతసేపూ తాడునే చూసింది. చివర్లో, రెండు జట్లూ సమానంగా ఉండగా, మా అమ్మాయి విజిల్ ఊది, మా ఊరి జట్టు తప్పు చేసిందని పెనాల్టీ ఇచ్చింది. మైదానం గగ్గోలెత్తిపోయింది. ఆటగాళ్ళు చుట్టుముట్టి ఆమె ముఖంలోకి వంగి అరుస్తున్నారు. మా అమ్మాయి వెనక్కి ఒక్క అడుగు వేయలేదు. తాడును పిడికిలికి చుట్టుకుని, రెండో చెయ్యి చాచి, బంతి పెట్టాల్సిన చోటే చూపిస్తూ నిలబడింది. నేను మెట్టు మీంచి లేచి నిలబడ్డాను.

"ముడి గట్టిగానే వేశాను. ఏం కాదు," అంది మా ఆవిడ.

సాయంత్రం అమ్మాయి ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంది. ఎలా జరిగింది అని అడగబోయి నోరు మూసుకున్నాను. మా ఆవిడ తాడు వైపు చూసి, "సాగింది. రెండు వేళ్ళు తగ్గించాలి. తీసి ఇలా ఇవ్వు," అంది.

అమ్మాయి తీయలేదు. తాడును మెడ చుట్టూ తిప్పి, విజిల్‌ను వీపు మీదికి వేసుకుంది. గోడవారనున్న పొట్టి స్టూలు కాలితో లాక్కుని, తల్లి కుర్చీ ముందు, ఆవిడ వైపు వీపు పెట్టి కూర్చుంది.

"ఇలాగే చెయ్యమ్మా," అంది. ముడి మీద తల్లి చెయ్యి పడ్డాక, "ఇవాళ చాలా భయమేసింది," అంది.

"ఎప్పుడు?" అంది మా ఆవిడ, ముడి విప్పుతూ.

"వాళ్ళంతా మీదికొచ్చినప్పుడు. కాళ్ళు వణికాయి. వాళ్ళకి కనపడుతుందేమో అనుకున్నాను. అసలు పొద్దున్నే మానేద్దామనుకున్నానమ్మా. పోయిన నెల ఆ విజిల్ పడిపోయిన రోజు కూడా..."

నేను మిషను ఆపేసి, చప్పుడు కాకుండా లోపలి గదిలోకి వచ్చేశాను. ఇప్పుడు తోలు పని నాకూ కొంత తెలుసు. రెండు వేళ్ళు తగ్గించడానికి చివరి ముడి విప్పి, ఆ మేర విప్పుకుని కోసి, మళ్ళీ కట్టేస్తే సరిపోతుంది. అల్లాల్సిన పనే లేదు. గుమ్మంలోంచి చూశాను. మా ఆవిడ జానెడు విప్పేసి, నాలుగు పాయలూ వేళ్ళతో దువ్వి, మళ్ళీ అక్కడి నుంచి, ఏ తొందరా లేకుండా అల్లుతోంది.