విమానాల దారిలో ఒక్క చెట్టు

కొబ్బరితోట ఉన్న మగవాడు నేల చూసి నడవడు. మా ఆయనా అంతే. పెళ్లైన కొత్తలో నాతో మాట్లాడుతున్నా కళ్లు మాత్రం పైన చెట్ల తలల్లో, మొవ్వుల్లోనే ఉండేవి. "నా మొహం కూడా ఓసారి చూడండి, కాయలేం రాలిపోవు" అని దెప్పేదాన్ని.

తొంభై ఆరు తుఫానుకి రాజోలు దగ్గర మా తోట మొత్తం పడిపోయింది. తెల్లారి చూస్తే దక్షిణపు గట్టు మీద ఒకే ఒక్క చెట్టు నిలబడి ఉంది. మనుషులం మిగిలాం, అదే పదివేలు అన్నారు అందరూ. ఆయన అవునన్నట్టు "ఆయ్" అన్నారు. అప్పుడు దించిన తల మళ్లీ ఎత్తలేదు. ఏడవలేదు, కోప్పడలేదు, పెడితే తిన్నారు.

రెండేళ్లకి విమానాలు నడపడం నేర్పేవాళ్లు వచ్చారు. మా తోటా, పక్క రెండు తోటలూ కౌలుకి తీసుకుని, మోళ్లు పెరికించి, చదును చేసి గడ్డి పెంచారు. అంచుల వెంట సున్నం కొట్టిన రాళ్లు. రేకుల షెడ్డులో రెండు చిన్న విమానాలు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఓ గెడకి గుడ్డ గొట్టం. గడ్డి కోయడం, గేదెలు లోపలికి రాకుండా చూడడం ఆయన పని. తన తోటలో తనే గడ్డి కోయడమేమిటని నాకు ఒళ్లు మండిపోయేది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

పొద్దున్నుంచీ విమానం దిగడం, చక్రాలు గడ్డికి తగలగానే మళ్లీ లేవడం. ఊరంతా మెడలు పట్టేసేలా పైకి చూసేది. ఆయన నెత్తి మీంచి వెళ్లినా ఆయన చూసేవారు కాదు. కుర్రాడెవరైనా మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగితే, తోటివాళ్లు వాడి నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించి గోల చేసేవారు. నీళ్లు మా నూతిలోవే. తోడి ఇచ్చేసి, ఆయన కొడవలి పట్టుకుని వెళ్లిపోయేవారు.

ఓ రోజు వాళ్లకి నేర్పే సారు మా అరుగు దగ్గరకొచ్చారు. ఎక్కడో పట్నం మనిషి. ఆ దక్షిణపు చెట్టు విమానం దిగే దారికి అడ్డంగా ఉందన్నారు.

"మొత్తం కొట్టక్కర్లేదండీ. పైన కాస్త కత్తిరిస్తే చాలు."

నాకు నవ్వొచ్చింది. తుఫాను తర్వాత నేను నవ్వడం అదే మొదలు. "అదేమన్నా జుట్టాండీ బాబూ, మళ్లీ పెరగడానికి? మొవ్వు తీసేస్తే చెట్టు చచ్చిపోద్దండి" అన్నాను.

మా ఆయన వైపు చూశాను. కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకు అనే మనిషి. కాయలు దింపడానికి వచ్చినవాడు పచ్చిమట్ట కోసేశాడని, వాడితో చాలా రోజులు మాట్లాడని మనిషి. ఇప్పుడైనా కేకలేస్తారని ఆశపడ్డాను.

"ఆయ్. కొట్టించేద్దామండి" అన్నారు.

తోట పడినప్పుడు వేయని భయం నాకు అప్పుడు వేసింది. ఈ మనిషి ఇక నాకు దక్కడనిపించింది.

చెట్టు కొట్టినవాళ్లు మొవ్వు ఒలిచి, తెల్లటి ముక్కలు అరిటాకులో తెచ్చారు. విమానాల కుర్రాళ్లు ఎగబడి తిన్నారు. "భలే తియ్యగా ఉంది, రోజూ దొరుకుతుందా అండీ?" అని అడిగాడొకడు. ఆయన కూడా ఓ ముక్క తిని చెయ్యి కడుక్కున్నారు. నేను ఆ చెట్టువే ముదురు కాయలు నాలుగు ఏరి నూతి పక్కన తడి ఇసుకలో పెట్టాను. మొలకల్లో ఒక్కటి బతికింది. దాన్ని విమానాలకి అడ్డం రాకుండా నూతి దగ్గరే నాటాను.

కొన్నాళ్లకి విమానాలవాళ్లు షెడ్డు విప్పుకుని వెళ్లిపోయారు. గడ్డి మిగిలింది. ఆయన కోస్తూనే ఉన్నారు.

"ఇంకా ఎవరి కోసమండీ?" అనడిగితే "ఆయ్" అనేవారు. మొక్కకి నీళ్లు పొయ్యమంటే పోసేవారు. ఎరువు వెయ్యమంటే వేసేవారు. అది ఏ చెట్టు కాయో ఒక్కసారీ అడగలేదు.

ఏళ్లు గడిచాక ఓ ఉదయం నీళ్లు తోడుతూ చూస్తే, మొవ్వులోంచి తొలి గెల బయటికొచ్చి ఉంది.

"ఏవండీ, మన చెట్టు గెలేసిందండీ!" అని కేకేశాను. ఆ ఆయ్ ఎలాగూ వస్తుందని మళ్లీ చేద అందుకున్నాను.

ఆయన కోసిన గడ్డి అక్కడే వదిలేసి వచ్చారు. చెట్టు కింద నిలబడి తల ఎత్తారు.

"ఏదీ?" అన్నారు.

చూపిద్దామని చెయ్యి ఎత్తాను. కళ్ల నిండా నీళ్లు, నాకే కనబడలేదు.