తమ్మున్ని సిరిసిల్లల దిగబెట్టొచ్చిన పొద్దు

పొద్దుగాల ఏడున్నరకు కోరుట్ల బస్టాండుల జగిత్యాల బస్సెక్కినం, నేనూ మా తమ్ముడు శేఖరూ. బీడీలు చుట్టే చాట ఆ ఒక్కనాటికి పక్కకు పెట్టిన. జగిత్యాలల డాక్టరుకు చూపిచ్చి, అటుకెల్లి వాన్ని సిరిసిల్లల వాళ్ళింటి కాడ దిగబెట్టి రావాలె. ఆడోళ్ళకు బస్సు పుక్కటికే గనుక నాకు జీరో టికెట్, వానికి పైసల టికెట్. "మగోనిగ పుట్టినందుకు కట్టు తమ్మీ" అన్న. జరంత నవ్విండు.

శేఖర్ సిరిసిల్లల సాంచాలు, అంటే బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడుపుతడు. ఆర్డర్లు లేక కార్ఖాన బంద్ పడ్డంక వానికి నిద్ర పోయింది, తిండి పోయింది. ఒకనాడు "నేను బతికి ఎవలకు లాభం" అన్నడట. మరదలు భయపడి ఫోన్ చేస్తే ఎమ్మటే నా ఇంటికి తెచ్చుకున్న. ఇగ మా అవ్వ చేసిన పని వినుండ్రి. మనసు బాలేదంటే పిచ్చోడంటరని, కోరుట్లల మా వాడకట్టంతా పసిరికలని, అదే కామెర్లని చెప్పుకచ్చింది, సిరిసిల్లోళ్ళకు గూడ ఫోన్ల గదే చెప్పింది. ఇంకేముంది! కండ్లు పచ్చగున్నయా లేవా చూసినోడు లేడు, వచ్చినోళ్ళంతా పసరు తెచ్చిరి. ఉప్పు వద్దు, నూనె వద్దు అనిరి. అసలే తినని మనిషిని పథ్యం పెట్టి ఇంకింత సన్నం చేసిరి. నాకు మండింది. ఆ పసరు మోరీల ఒంపి, వాన్ని జగిత్యాల సర్కారు దవాఖానకు తోల్కపోయిన. అప్పటిసంది మందులు వాడుతున్నడు.

ఎనిమిదిన్నరకు జగిత్యాలల దిగి, బస్టాండు ముందట ఇడ్లీ తిని ఆటోల దవాఖానకు పోయినం. చిట్టి రాపిచ్చుకొని కూసున్నం. మనసు డాక్టరమ్మ మెల్లగ మాట్లాడుతది గని సూటిగ అడుగుతది.

"నిద్ర పడుతుందా? చనిపోవాలన్న ఆలోచన మళ్ళీ వస్తుందా?"

మొదటిసారి గిట్ల అడిగినప్పుడు నేను ఉలిక్కిపడ్డ. అడిగితేనే మనిషి చెప్పుకుంటడని తర్వాత సమజైంది.

"వస్తలేదు మేడం. గని ఇంటికి పోవాలంటే గుబులైతున్నది. వాడకట్టోళ్ళు అడిగితే ఏం చెప్పాలె?" అన్నడు శేఖర్.

"మీకు ఎంత చెప్పాలనిపిస్తే అంత చెప్పండి. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఇక ఇంత దూరం ఎందుకు, సిరిసిల్ల సర్కారు దవాఖానలోనే చూపించుకోండి" అన్నది. మందులు పైస తీసుకోకుండ పుక్కటికే ఇచ్చిరి.

పదకొండు దాటినంక సిరిసిల్ల బస్సు దొరికింది. పక్క సీట్ల ముసలమ్మ వాని చేతిల మందుల సంచి చూసి "ఏమైంది కొడుకా?" అనడిగింది. వాడు కిటికీ దిక్కు మల్లిండు. ముక్కు మొఖం తెలువని ముసలమ్మకే చెప్పలేనోడు, సొంత వాడకట్టుల ఎట్ల నిలబడతడు? మల్ల ఇంట్ల ఓ మూలకు ముడుచుకుంటడా?

ఒంటిగంటన్నరకు వాళ్ళ గల్లీల అడుగు పెట్టినం. సాంచాలు మల్ల నడుస్తున్నయి. వానితోని పనిచేసే లక్ష్మీరాజం మామ కార్ఖాన దర్వాజ కాడికెల్లే ఒర్రిండు:

"ఓ శేఖరూ, పసిరికలు తగ్గినయా?"

ఇరుగుపొరుగు బయటికచ్చిరి. నేను నోరు తెరవబోతే శేఖర్ నా చెయ్యి పట్టి ఆపిండు.

"పసిరికలు కాదు మామా. మనసు బాలేకుండె. చావాలనిపిచ్చింది. డాక్టరు కాడికి పోయిన, గోళీలు మింగుతున్న. ఇప్పుడు నయముంది."

నేను ఒక్కొక్కల మొఖం చూసిన. లక్ష్మీరాజం మామ లోపలికి పోయి సాంచ బంద్ చేసి వచ్చి వాని బుజం మీద చెయ్యేసిండు. "మంచిపని చేసినవ్‌ రా. దా, చాయ్ తాగుదాం" అన్నడు.

గంతే! ఇన్ని దినాలు మేం బుగులు పడ్డది గీ ముచ్చటకా? పిచ్చోడని ఒక్కలనలే. మరదలు కోడికూర వండింది. వాడు మల్లొకసారి ఏయించుకొని తిన్నడు. నాకైతే పండుగ లెక్కనే ఉండె.

నాలుగింటికి వేములవాడ, రుద్రంగి మీదికెల్లి పోయే కోరుట్ల బస్సెక్కిన. మీ ఇండ్లల్ల ఎవలకన్న గిట్లుంటే దాచిపెట్టి పసర్లు పొయ్యకుండ్రి. జిల్లా దవాఖానకు బస్సున్నది, ఎక్కుండ్రి.

రుద్రంగి దాటినంక ఫోన్ మోగింది.

"అక్కా, మామకు గూడ శాన దినాలసంది నిద్ర లేదట. ఇప్పుడే నా చెవుల చెప్పిండు. రేపు మన సిరిసిల్ల దవాఖానకే పోతున్నం."

"నేను రావాల్నా తమ్మీ?"

"నువ్వెందుకక్కా? నేను తోల్కపోత."