మా అమ్మను తాగుబోతును చేసిన నవల

ఆ రోజుల్ల నాకు ఇరవై నాలుగేండ్లు. లోకంల ఉన్న దుఃఖమంత నాకే తెలుసని, దాన్ని నేను తప్ప ఇంకెవ్వరు రాయలేరని గట్టి నమ్మకం ఉండె. తకరారు ఒక్కటే, రాయడానికి సరిపోయేటంత దుఃఖం మా ఇంట్ల లేకుండె. సిద్దిపేటల సొంత పెంకుటిల్లు, వడ్లు అమ్మే గంజుల బాపుకు గుమాస్తా కొలువు, ముందటర్రల అమ్మ జాకెట్లు కుట్టుడు, ప్రైవేటు కాలేజీల నాకు కొత్తగ దొరికిన లెక్చరర్ నౌకరి. ఏడుద్దామని కూసున్నా ఆవలింతలే వచ్చేటియి. అందుకని ఒక తల్లిని, ఒక బిడ్డను కల్పించుకున్న. తల్లి తాగుతది. ఆమెతోని మాన్పిద్దామని పోయిన బిడ్డ గూడ కొన్నొద్దులకు తాగుడు నేర్సుకుంటది. ఇద్దరు కొట్లాడుకుంటరు, ఏడుస్తరు, మళ్ల తాగుతరు. ఆఖరికి తల్లి సచ్చిపోతది. ఆ ఆఖరి అధ్యాయం రాసేటప్పుడు నా కండ్లకెల్లి బొటబొట నీళ్లు కారినయి. ఆ నీళ్లను సూసుకొని నాకు నేనే శభాష్ అనుకున్న. (తాగుడు గురించి నాకు తెలిసింది దసరా నాడు జమ్మి పెట్టుకొని వచ్చినంక మా మేనత్త గిలాసల పోసిచ్చే కల్లు వరకే. అది గూడ మూతి తడుపుకొని, మొఖం వంకర పెట్టి, ఎవరు సూడకుంట చెట్టుకు పోసే రకం నేను.)

అయితె తాగే తల్లికి ఏదో ఒక పని ఇయ్యాలె గద. నాకు పుట్టిన కాణ్ణుంచి తెలిసిన పని ఒక్కటే, నిద్రల గూడ ఇనవడే మిషిన్ సప్పుడు. అందుకే ఆమెతోని జాకెట్లు కుట్టిచ్చిన. పెదవుల నడుమ గుండుసూదులు పెట్టుకొని మాట్లాడే అలవాటు ఇచ్చిన. ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ గూడ పెట్టిన, అందం కోసం. మా అమ్మకు సరిగ్గ గదే జాగల మచ్చ ఉందన్న సంగతి నాకు యాదికి రాలేదంటె మీరు నమ్మరు, అప్పుడు గూడ ఎవ్వరు నమ్మలె. ఇంత చేసి ఊకున్ననా? ఊకోలె. మొదటి పేజీల, అందరికి కనవడేటట్టు, అంకితం రాసిన. 'అమ్మకు. నువ్వు లేకుంటె ఈ కథ లేదు.' కృతజ్ఞత అనుకొని రాసిన, ఒట్టు. చదివినోళ్లకు అది సాక్ష్యం లెక్క కనవడ్డది.

హైదరాబాదుల ఒక చిన్న ప్రచురణ సంస్థోళ్లు (పేరెందుకు, పాపం) ఆ నవలను అచ్చేసిన్రు. బస్టాండుల దిగిన పుస్తకాల కట్టలను ఆటోల ఏసుకొని ఇంటికొచ్చి తొలి కాపీ అమ్మ చేతిల పెట్టిన. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని, అట్టను ఒకసారి నిమిరి, కత్తెర్ల డబ్బ మీద భద్రంగ పెట్టింది. తెల్లారి సంది నాతోని మాట్లాడుడు బందువెట్టింది. మొదట నేను పట్టించుకోలె. పెండ్లిండ్ల సీజన్, నోటి నిండ గుండుసూదులు, ఎవరితోని మాత్రం ఏం మాట్లాడుతది అనుకున్న. గని బాపుతోని మాట్లాడుతున్నది, పాలాయనతోని మాట్లాడుతున్నది, కరెంటు పోతె కరెంటుతోని గూడ మాట్లాడుతున్నది. నేను ఎదురుంగనే కూసున్నా బాపు దిక్కు తిరిగి, "ఆ రచయిత్రమ్మకు చెప్పు, బువ్వ సల్లారుతున్నదని" అనేది. బాపు నా దిక్కు తిరిగి, "బువ్వ సల్లారుతున్నదట" అని పోస్టుమ్యాన్ లెక్క అందించేటోడు. నవల మీద బాపు అభిప్రాయం గూడ అప్పుడే అడిగిన. "అక్షరాలు జర చిన్నగున్నయి బిడ్డా" అన్నడు.

ఇంతల పుస్తకం గల్లీల తిరుగుడు షురూ అయ్యింది. మా గల్లీల పుస్తకం మొత్తం సదివినోళ్లు తక్కువ. అంకితం సదివినోళ్లు, ఇంకొకరితోని కథ ఇనిపిచ్చుకున్నోళ్లు ఎక్కువ. అభిప్రాయాలు మాత్రం అందరికి ఉన్నయి. జాకెట్లు కుట్టిచ్చుకునేటోళ్లు కొలతలిచ్చుకుంట, "వదినె, జర పొద్దుగాల్లనే కత్తిరియ్యున్రి, చెయ్యి నిలకడగ ఉన్నప్పుడు" అని మెత్తగ చెప్పి పోయేటోళ్లు. ఎదురింటామె ఒకనాడు సంచెడు నిమ్మకాయలు తెచ్చి గడప మీద పెట్టింది. "తల పట్టుకుంటె పనికొస్తయి" అని గుసగుస చెప్పింది. ఇంకొకామె, బెజ్జంకి దిక్కు ఎవరో తాగుడు మాన్పే ఆకుమందు ఇస్తరట, తల్లీబిడ్డలు ఇద్దరు కలిసి అక్కడికి పోతె మంచిదట అని ఆటో మాట్లాడి పెట్టేదాంక వచ్చింది. అమ్మ ఇవన్ని ఇనుకుంట నోట్లకెల్లి ఒక్కొక్క గుండుసూది తీసి గుడ్డకు గుచ్చేది, అంతే. ప్రతి సూది నాకే దిగినట్టు ఉండేది. ఇజ్జత్ పోయిందని నామీద నారాజయ్యిందని నాకు అర్థమయ్యింది. (అర్థమయ్యిందని అనుకున్న. నవల రాసినోళ్లకు అన్నీ అర్థమైతయి.)

మూల మీది వైన్స్ షాపాయనను మేం అందరం వైన్స్ మామ అంటం. ఆయన మాత్రం ఖుషీ అయిపోయిండు. నన్ను నడిరోడ్డు మీద ఆపి, "సదివిన బిడ్డా, అన్నీ నిజాలే రాసినవ్. గని ఆమె ఏది తాగుతదో పేరు రాయకపోతివి. మనిషన్నంక ఒక బ్రాండు ఉండదా?" అన్నడు. సభ పెడితె ఫ్లెక్సీ నేనేపిస్త అని మాటిచ్చిండు. మహిళా సంఘం లీడరక్క ఇంటికే వచ్చి కూసున్నది. తాగుడు బందు చేపియ్యడానికి ఊరూర ఈ పుస్తకం సదివిపిస్తమన్నది. "ఒక్కటే చెల్లె, ఆ పిల్ల ఆఖరి దాంక తాగుతనే ఉన్నదాయె. రెండో ముద్రణల మాన్పియ్యి" అని ఆర్డరేసి, ఛాయ్ తాగి పోయింది. మాకు సదువు చెప్పిన రిటైర్డు తెలుగు సారు కండ్లద్దాలు తీసి తుడిసి, మళ్ల పెట్టుకొని, "శిల్పం ఉందమ్మా. శీలమే లేదు" అన్నడు.

అందరికన్న పెద్ద లొల్లి మాత్రం చిన్నకోడూరు నుంచి వచ్చిన మా మేనత్తది. ఆమెకు సదువు రాదు, బాపుతోని కథంత చెప్పిచ్చుకున్నది. ఇనుకుంట ఇనుకుంట, "ఇగ?" అన్నది. బాపు, "ఇగ ఆమె తాగుతది" అన్నడు. "గది చెప్పినవ్ గద, ఇగ ఏమైతది?" "గదే అక్కా, తాగుతది. గదే కథ." మేనత్త నా దిక్కు తిరిగింది. "ఏందే, ఆడిది తాగుతె గది గూడ ఒక కథనా? పురుడైనంక మా అత్త నాకు గిలాస నిండ పోసింది, ఒళ్లునొప్పులు పోతయని. బోనాలకు అమ్మవారి ముందట సాక పోసినంక మిగిలింది ఎవరు తాగుతరే? నువ్వు పుట్టిన్నాడు నీ మూతికి గూడ సుక్క నాకిచ్చినం. దీనికి మూడొందల పేజీలా?" ఇది వేరే తాగుడత్తమ్మా, ఆమె ఒక్కతే తలుపేసుకొని తాగుతది అని నేను సమజ్ చేపియ్యవోయిన. "ఒక్కతేనా? ఎందుకట్ల? మనల్ని పిలువది?" అని ఆమె నిజంగనే రంది పడ్డది. పోయేటప్పుడు అసలు కోపం బయటికొచ్చింది. "రాస్తె రాసినవ్. మీ అమ్మను వెట్టినవ్, నన్నెందుకు వెట్టలే? నేనేం తక్కువ తాగుతనా?"

ఇట్ల సిద్దిపేటల అందరి అభిప్రాయాలు వచ్చినయి. నాకు కావల్సిన ఒక్క అభిప్రాయం రాలె. అమ్మ ఆ పుస్తకం సదివితె, అందుల ఆమె లేదని ఆమెకే తెలుస్తది, మళ్ల నాతోని మాట్లాడుతది అని నా ఆశ. కత్తెర్ల డబ్బ మీద పుస్తకం పెట్టినకాన్నే ఉండె, దాని మీద సుద్దముక్క, టేపు. సదివినట్టు ఏ గుర్తూ లేదు. ఆ డబ్బ ముందటనే కూసోని ఏడ్సిన, నిజం చెప్పాల్నంటె అదే నా అసలైన ఏడుపు. శభాష్ అనుకోవాలని గూడ తోచలె.

తెలుగు సారు పూనుకొని మా కాలేజీ మీది హాలుల ఆదివారం పరిచయ సభ పెట్టిండు. గుమ్మం కాడ వైన్స్ మామ ఫ్లెక్సీ, అందుల నా ఫోటో కన్న ఆయన ఫోటోనే పెద్దగున్నది. దాన్ని సూసి లీడరక్క, మద్యం అమ్మేటోని ఫ్లెక్సీ కింద నేను మాట్లాడ అని అలిగి, మళ్ల మైకు ఇస్తమంటె అలక మాని కూసున్నది. సభ మొదలయ్యేటప్పుడు ఎనుక వరుసల సప్పుడైతె తిరిగి సూసిన. అమ్మ. ఇస్త్రీ చీర కట్టుకొని, బాపు పక్కన, చేతిల సంచి పట్టుకొని కూసున్నది. హాలంత ఒకసారి ఎనుకకు తిరిగి ఆమె కనుబొమ్మ దిక్కు సూసి, మళ్ల ముందుకు తిరిగింది.

ఆఖర్ల మాట్లాడింది మా కాలేజీకే కొత్తగ వచ్చిన గడ్డం లెక్చరర్. వేరే జిల్లా మనిషి, మా అమ్మ ఎవరో ఎరుగడు. గొంతు సవరించుకొని, "ఈ తల్లి పాత్ర మాతృత్వానికే మచ్చ. ఇలాంటి స్త్రీ చివర్లో చనిపోవడం ఒక్కటే ఈ నవలలో పాఠకుడికి దొరికే ఊరట" అన్నడు. సప్పట్లు కొడదామా వద్దా అని జనం ఆలోచిస్తుండంగనే ఎనుక వరుసల కుర్సీ కిర్రుమన్నది.

"సారూ," అన్నది అమ్మ లేసి నిలవడి. "మీరు పుస్తకం మొత్తం సదివిన్రా?"

"చదివానమ్మా."

"సదివితె గట్లెట్ల అంటరు? బిడ్డకు జొరమొస్తె తెల్లందాంక తడిగుడ్డ ఏసిందెవరు? పెనిమిటి ఇడిసిపెట్టి పోతె మిషిన్ తొక్కి సాదిందెవరు? తాగింది, ఔ, తాగింది. తాగి గూడ పొద్దుగాల లేసి బిడ్డకు జడేసింది. వంకరేసింది, గని ఏసింది. మీరు ఎవరికన్న ఒక్కనాడన్న జడేసిన్రా? సచ్చిపోతె ఊరటనట! ఎవరికయ్యా ఊరట? ఆ పిల్లను అడిగిన్రా?"

హాలుల లేసిన సప్పట్లకు ఫ్యాన్ల సప్పుడు గూడ ఇనవడలె. వైన్స్ మామ ఈల గొట్టిండు. లీడరక్క కొంగుతోని కండ్లద్దుకున్నది. గడ్డం లెక్చరర్ మొఖం తెల్లగై, చేతులు జోడించి, "క్షమించండమ్మా. ఆ తల్లి మీరే అని నాకు తెలియదు" అన్నడు.

"నేనా? నేను గాదు!" అని అమ్మ గట్టిగ అరిసింది. "ఔనౌను వదినె, మీరు గాదు" అన్నడు వైన్స్ మామ, పసిపిల్లను ఊకోవెట్టినట్టు. ఆనాటితోని ఊరికున్న ఆ కాసింత అనుమానం గూడ తీరిపోయింది.

ఇంటికి పోయేటప్పుడు ఆటోల బాపు ముందట కూసున్నడు, మేమిద్దరం ఎనుక. సగం తొవ్వ పోయినంక నేనే ధైర్యం చేసి, "ఎప్పుడు సదివినవమ్మా?" అన్న. బాపు అలవాటుగ ఎనుకకు తిరిగి, "ఎప్పుడు సదివినవని అడుగుతున్నది" అన్నడు. "నువ్వాగు జర" అన్నది అమ్మ ఆయనను. నా దిక్కు తిరిగింది, అన్ని దినాల తర్వాత.

"తెచ్చిచ్చిన్నాడే సదివిన, మిషిన్ బందువెట్టి. తాగుబోతును చేస్తివి, సరె. మచ్చ వెడ్తివి, సరె. అందరు ఏమేమో అంటున్నరు, అననీ, నాకేమన్న నొప్పా? గని..." అని ఆగింది. "మొదటి పేజీల అమ్మకు అని రాస్తివి. ఆఖరి పేజీల సంపితివి. సంపుడెందుకే? నేనేమనుకోవాలె?"

నేను లెక్చరర్‌ను, రచయిత్రిని, మూడొందల పేజీలు రాసినదాన్ని. "కథకు అవసరమమ్మా" అన్న.

"కథకు అవసరం! కథ అయిపోయినంక ఆ పిల్లను బువ్వ తింటవా అని ఎవరు అడుగుతరే?" అని నన్ను కోపంగ దగ్గరికి గుంజుకున్నది. నేను ఆమె కొంగుల మొఖం పెట్టి ఏడ్సిన. ఆటో డ్రైవరు అద్దంల సూసి, దవాఖాన దిక్కు పోవాల్నా అని బాపుకు సైగ చేసిండట. ఆయన గూడ పుస్తకం గురించి ఇన్నడో ఏమో.

ఇప్పుడు నా జుట్టుల గూడ తెల్లెంట్రుకలు వచ్చినయి. దసరాకు మేనత్త మా ఇంటికి అమ్మ కోసమని ఒక కల్లు సీసా ఎక్కువ తెస్తది, అమ్మ తీసుకొని బాపుకు ఇస్తది, కాదనుడు ఎప్పుడో మానేసింది. ఆ తర్వాత నేను ఇంకా కొన్ని నవలలు రాసిన. ఒక విమర్శకుడు, ఈ రచయిత్రి నవలలల్ల తల్లులు ఎంత ఆపద వచ్చినా బతికి బట్టకడతరు, ఈమెకు మరణమంటె అవగాహన లేదు అని రాసిండు. నిజమే సారూ, లేదు. ఉంచుకునే ధైర్యం గూడ లేదు. తల్లిని సంపితెనే దుఃఖమైతదని కండ్లు తుడుసుకుంట రాసిన ఆ ఇరవై నాలుగేండ్ల పిల్ల ఎక్కడన్న ఎదురైతె, జడ పట్టి గుంజి ఇంటికి తోలుకొస్తుంటి.

మొన్న కొత్త పుస్తకం వచ్చింది. అమ్మకు చూపు తగ్గింది, సూదిల దారం నేనే ఎక్కిస్త. అయినా పుస్తకం చేతికియ్యంగనే అంకితం సూడలె, అట్ట సూడలె. ఎనుకకెల్లి తిప్పి, ఆఖరి పేజీ కండ్లకు దగ్గర పెట్టుకొని మెల్లగ సదివింది.

"ఉన్నది" అన్నది. "ఇగ మొదటికెల్లి సదువుత."