రంగుల కార్డుకు చాలని కరెంటు

ఎనభైల చివర్లో జనగామలో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో కంప్యూటర్ నేర్పే కేంద్రం పెట్టాను. ఫిజిక్స్‌తో డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో కోర్సు నేర్చుకుని వచ్చిన కొత్త. ఉన్నది ఒక్క కంప్యూటరే. దాని తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు.

మా అక్క మానుకోట ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. ఒక ఆదివారం వచ్చి కాసేపు చూసి, "బోర్డు మీద గ్రాఫులు గీసి గీసి చెయ్యి గుంజుతున్నది. దీంట్ల రంగుల గీతలు రావా?" అని అడిగింది.

"ఎందుకు రావు? లోపల తెరకు బొమ్మ పంపే కార్డు మార్చాలె, రంగుల తెర పెట్టాలె. నువ్వు పిల్లల్ని తోల్కరా, నేను చూపిస్త," అన్నాను.

సికింద్రాబాద్ నుంచి రెండూ తెచ్చి నేనే బిగించాను. రంగులు చక్కగా వచ్చాయి. కానీ లోపల డిస్కు తిరగడం మొదలవగానే తెర నల్లబడి, కంప్యూటర్ మళ్లీ మొదటికొచ్చేది. కొత్త కార్డు తీసేస్తే ఏ పేచీ లేదు.

పాలకుర్తి నుంచి పనిమీద వచ్చిన మా నాన్న, బాపు, వెనక నిలబడి చూస్తున్నాడు. "కొత్తది పనికొస్తలేదు. వాపస్ ఇచ్చెయ్ బిడ్డా."

"కార్డు మంచిగనే ఉంది బాపూ. దానికి కరెంటు సాల్తలేదు."

నేను ఊరికే అనలేదు. మీటరు పెట్టి చూస్తే, డిస్కు తిరిగినప్పుడల్లా కార్డుకు వెళ్లే అయిదు వోల్టుల తీగలో వోల్టేజి పడిపోతోంది. గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బాను పవర్ సప్లై అంటారు. మాది పాత కార్డుకు సరిపడా చేసిన చిన్న డబ్బా. మార్చవలసింది దాన్నే.

మర్నాడు సికింద్రాబాద్ బయల్దేరాను. బాపు కూడా వస్తానన్నాడు. ఆయన చేతిసంచిలో మీటరు, మా ట్రాక్టరు లైటు బల్బులు నాలుగు పెట్టాను.

దుకాణాయన రెండు డబ్బాలు ముందు పెట్టాడు. "ఇది రెండొందల వాట్లండీ. అది నూట యాభయ్యే. పెద్దదే తీసుకెళ్లండి."

"అయిదు వోల్టుల తీగ ఎన్ని ఆంపియర్లు ఇస్తది?"

పెద్దదాని మీద రెండు వందలని తప్ప ఏమీ రాసి లేదు. చిన్నదాని మీద ఏ తీగ ఎంత ఇస్తుందో విడివిడిగా అచ్చువేసి ఉంది. నాకు సగం జవాబు అక్కడే దొరికింది. అయినా బల్బులు బయటికి తీశాను.

"గివి తగిలించి చూస్త. జర ప్లగ్గు ఇయ్యండి."

ఆయన నా మాటతీరుకు నవ్వుకున్నాడు, ప్లగ్గు మాత్రం ఇచ్చాడు. కంప్యూటర్‌కు బదులు కరెంటు లాగేలా బల్బులన్నీ కలిపి అయిదు వోల్టుల తీగకు తగిలించి, మీటరు పెట్టాను. పెద్ద డబ్బాలో మీటరు ముల్లు కిందికి జారి అక్కడే ఉండిపోయింది. రెండో దానిలో కదలలేదు.

"గిదే ఇయ్యండి," అన్నాను.

ఆయన నవ్వు ఆపి, "మీరేం చేస్తారమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బాపు, "జనగామల కంప్యూటర్లు నేర్పుతది. నా బిడ్డ," అన్నాడు. ఆయన ఆ మాట బయటివాళ్ల ముందు అనడం అదే మొదలు.

కొత్త డబ్బా బిగించాక డిస్కు తిరిగినా తెర చెక్కుచెదరలేదు. ఆ శనివారం అక్క మానుకోట నుంచి పాసింజరు బండిలో పిల్లల్ని తీసుకొచ్చింది. వాళ్లలో చాలామంది చుట్టుపక్కల తండాల వాళ్లు. నేను ఒక సమీకరణం కొట్టగానే నల్లటి తెర మీద ఎర్రటి గీత వంపు తిరుగుతూ పైకి లేచింది. పిల్లలు మెడలు చాచి చూశారు.

ముందు వరసలోని ఒక పిల్ల లేచి, "టీచరమ్మా, ఆ అంకె ముందు మైనస్ పెడ్తే గీత కిందికి వంగుతదా?" అని అక్కను అడిగింది.

అక్క నావైపు చూసింది. నేను కుర్చీలోంచి లేచి, "నువ్వే పెట్టి చూడు," అన్నాను. ఆ పిల్ల వచ్చి కూర్చుని, మీట కోసం వెతికి నొక్కింది. గీత బోర్లా తిరిగింది. ఆ తర్వాత బండి వేళయ్యేదాకా ఆ కుర్చీ నాకు దక్కలేదు.