మూడు మూరలు కోసిన మిలిటరీ లారీ

మా చిన్నప్పుడు... ఐరాలలో మా ఇంటి ముందు ఒక ఆకుపచ్చ మిలిటరీ లారీ వచ్చి ఆగింది. మా నాయన వేలంలో కొన్నాడు. ఈసారి మా తోట తోతాపురి మామిడి కాయను సొంత లారీలోనే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి తోలాలని ఆయన పంతం. కోతకు ఇంక ఇరవై రోజులే ఉన్నాయి.

తీరా చూస్తే ఆ లారీ తోట దారిలో తిరగలేదు... అంత పొడవు! మధ్యలో కోసి పొట్టి చేసేద్దామని నాయన తీర్మానించాడు.

వెల్డింగ్ మేస్త్రీ వచ్చాడు. నేనప్పుడు ఆరో తరగతి. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. "నాయనా, మా సారు దగ్గర టేపు ఉండాది, తెస్తా ఉండు" అన్నాను.

"పో మే, పెద్ద చెప్పొచ్చినావు! మీ అవ్వ బతుకంతా పూలు మూరేసే అమ్మింది. ఎవురన్నా తక్కువనినారా?" అని మేస్త్రీ వైపు తిరిగి, "మూడు మూరలు కోసెయ్‌ప్పా" అన్నాడు.

నాయన పొట్టి. మేస్త్రీ తాడిచెట్టంత. ఎవరి మూరో ఎవరూ అడగలేదు... మేస్త్రీ తన మోచెయ్యి ఆనించి కొలిచాడు, కోసేశాడు. ఇంజన్ నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టును నాయన తన మూరతో కొలిచి ముందే చిత్తూరులో పొట్టి చేయించి తెచ్చాడు. బిగించబోతే అది జానెడు ఎక్కువైంది!

మా అవ్వ గడపలో కూర్చుని, "ఊరగాయకి ముక్కలు కోసినట్టు కోసినావు కదరా!" అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. షాఫ్టు మళ్ళీ చిత్తూరుకు పోయింది. వారం పోయింది. తోటలో కాయ పండుబారుతోంది...

అంతటితో ఊరుకున్నాడా? వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు, అవే ఆ స్ప్రింగు పట్టీలు, మరీ బిరుసట, కుదుపుకు కాయ కమిలిపోతుందట. ఒక్కో పక్క రెండేసి పట్టీలు తీయించేశాడు.

"బరువు ఆగుతుందా నాయనా? ముందు ఇసుక మూటలేసి చూద్దాం."

"ఉయ్యాల మాదిరి పోతాది సూడు!"

కాయ నింపుకుని బయల్దేరాం. ఊరు దాటకముందే వెనక భాగం కూలబడి, తొట్టి టైర్లకు రాసుకుంది. రబ్బరు కాలిన వాసన... నడి ఎండలో కాయంతా రోడ్డు పక్కన దించాం. తీసిన పట్టీలు తిరిగి వేయడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా కాయ మెత్తబడి కారిపోయింది. ఫ్యాక్టరీ వాళ్ళు సగం కాయ వద్దని తిప్పి పంపారు.

 తిరుగుదారిలో నేను నాయన పక్కన కూర్చోకుండా వెనక తొట్టిలో ఎక్కాను... కోపంతో.

ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న నాయన ఫోన్ చేశాడు. ఆవుల కొట్టానికి రేకులు వేయాలట. "ఎన్నడుగులు తెమ్మంటావు మా? నువ్వు చెప్తేనే తెస్తా" అన్నాడు.

ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట ఇదే. కానీ ఫోన్ పెట్టేశాక, నా మాట అస్సలు వినని అప్పటి ఆ మొండి మనిషితో ఒక్కసారి గట్టిగా పోట్లాడాలనిపించింది...

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మిమ్మల్ని సలహా అడగడం ఎప్పుడు మొదలుపెట్టారు? ఆ రోజు మీకు సంతోషమేసిందా?