ఎడమ భుజాన్ని నూకిన చెయ్యి

నేను దయ్యాలను నమ్మను. ధైర్యవంతుణ్ణని కాదు. నా గురక భరించలేక మా వీధి కుక్కలే పక్క వీధికి మకాం మార్చాయి. అంత రొదలో ఏ దయ్యమైనా వచ్చి పిలిస్తే మాత్రం ఎవరికి వినబడుతుంది? ఏడో తరగతిలో మా మేష్ట్రు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో గుర్రు పెట్టాను. "ఈ గదిలో ఒక్కరే గట్టిగా మాట్లాడాల. నువ్వో నేనో తేల్చుకోప్పా" అన్నాడాయన. ఆయనకు పింఛను రావాల్సి ఉంది కాబట్టి నేనే బడి మానేశాను.

మురుగమల్ల దర్గా మా ఊరికి దగ్గరే. గాలి సోకిందని అక్కడికి వచ్చేవాళ్ళను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. వాళ్ళ బాధను ఎప్పుడూ ఎగతాళి చేయలేదు, అలాగని నమ్మనూ లేదు. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా దయ్యమని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒక్కటే చిక్కు. అది జరిగిన ప్రతిసారీ నేను నిద్రలో ఉన్నాను. ఇంత పనికిమాలిన సాక్షి ఏ కోర్టులోనూ దొరకడు.

చింతామణి మార్కెట్ నుంచి టమోటా వేసుకుని టెంపో తోలడం నా పని. బండి నాది కాదు, బాగేపల్లి బాబురెడ్డిది. ఇంట్లో నా భార్య సరోజ పట్టుపురుగులు మేపుతుంది. బండి పని లేనప్పుడు మల్బరీ ఆకు కోసి తెచ్చేది నేను.

నా గురకలో ఒక విశేషం ఉంది. వెల్లకిలా పడుకుంటే గురక పెట్టి పెట్టి, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు నాకు ఎడమపక్క పడుకున్న సరోజ కుడి అరచేత్తో నా ఎడమ భుజాన్ని ఒక్క నూకు నూకుతుంది. నేను కుడివైపు ఒత్తిగిలుతాను, ఊపిరి మళ్ళీ మొదలవుతుంది. పెళ్ళయిన కొత్తలో మేలుకుని నూకేది. ఇప్పుడు ఆమె నిద్ర ఆమెదే, చెయ్యి పని చెయ్యిదే. తెల్లారి అడిగితే ఆమెకేమీ గుర్తుండదు.

రాత్రి నిద్ర అలా ముక్కలైతే పగలు కునుకు వస్తుంది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం చాకవేలు దాటాక రెప్ప పడింది. బండి రోడ్డు దిగి ఎవరిదో వేరుశనగ చేలో ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. బాబురెడ్డి వచ్చి, చేను చూసి, టమోటాలు చూసి, చివర్లో నన్ను చూసి తాళం చెవి తీసుకున్నాడు. "డాక్టరు దగ్గర చూపించుకో. జబ్బుంటే మందు తిని రా. అంతవరకూ బండి ముట్టొద్దు" అన్నాడు.

న్యాయమైన మాటే. కానీ తోలడం తప్ప ఇంకో పని రానివాడికి తాళం లేకపోతే చేతులు లేనట్టే.

చిక్కబళ్ళాపురంలో ఒక ఆసుపత్రిలో నిద్రజబ్బుల మీద పరిశోధన చేస్తున్నారని తెలిసి అక్కడికి పోయాను. పద్ధతి ఇది. ఒక రాత్రి వాళ్ళ గదిలో పడుకోవాలి. తలకు, ఛాతీకి, కాళ్ళకు వైర్లు అంటిస్తారు. ముక్కు దగ్గర గొట్టం, వేలికి క్లిప్పు, పైన కెమెరా. నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో యంత్రం లెక్కపెడుతుంది. వాళ్ళు పెట్టుకున్న హద్దు దాటితే పరిశోధనలో చేర్చుకుని, ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఊదే మిషను ఇస్తారు. దాటకపోతే చేర్చుకోరు. నా గురక మీద నాకు గట్టి నమ్మకం. జీవితంలో మొదటిసారి పరీక్ష పాసవుతానని అనుకున్నాను.

ఏ రోజు పోవాలో మాత్రం నా చేతిలో లేదు. పట్టుపురుగులు పెరిగే కాలంలో నాలుగుసార్లు నిద్రపోతాయి. ఆకు మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు ఆకు కోసే పని ఉండదు, మేపే పని ఉండదు, ఇంటిల్లిపాదీ కాస్త నడుం వాలుస్తారు. మిగిలిన రోజుల్లో నేను ఊరు దాటితే సరోజ ఊరుకోదు. కాబట్టి పురుగులు నిద్రకు పోయిన రోజే నేనూ నిద్ర పరీక్షకు పోవాలని ఇంట్లో తీర్మానం. ఈ సంగతి చెబితే ఆసుపత్రిలో నన్ను చూసే డాక్టరమ్మ నవ్వింది గానీ, తేదీ అలాగే ఇచ్చింది.

మొదటి రాత్రి పోయాను. వైర్లన్నీ అంటించేసరికి పండగ పూట దీపాలు వేలాడదీసిన వేపచెట్టులా ఉన్నాను. హాయిగా నిద్రపోయాను. తెల్లారి డాక్టరమ్మ కన్నడలో చెప్పింది: గురక బాగా ఉంది, ఊపిరి మాత్రం పెద్దగా ఆగలేదు, నార్మల్.

బాబురెడ్డికి ఆ మాటే చెప్పాను. ఆయన లెక్క ఆయన తేల్చేశాడు. "జబ్బు లేదంటాండారు కదప్పా. అంటే ఆ పొద్దు నువ్వు తాగి తోలినావని డాక్టరే చెప్పినట్ల."

టీలో చక్కెర ఎక్కువైతేనే తల తిరిగే మనిషిని నేను. జబ్బు లేదని తేలినందుకు పరువు పోయినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మార్కెట్లో హమాలీలు కూడా "యాడన్నా, పొద్దున్నే మొదలుపెట్టినావా?" అని అడగడం మొదలుపెట్టారు. ఊళ్ళో అందరి మీదా జోకులు వేసేవాణ్ణి. ఆ రోజుల్లో అవన్నీ వడ్డీతో సహా నామీదికే తిరిగొచ్చాయి.

ఆ రోజు ఇంటికి పోతే ఇంకో పంచాయితీ. నేను లేని రాత్రి మా అమ్మ నా చోట్లో పడుకుంటుంది, ఫ్యాను సరిగ్గా దాని పైనే ఉంటుంది కాబట్టి. ఆమె భుజానికి జండూబామ్ రాసుకుంటూ కూర్చుని ఉంది.

"ఒరే, నీ పెండ్లాం రేతిరంతా నన్ను నూకతానే ఉండాది. ఈ ఎడమ రెక్క చూడు. నన్ను ఇంట్లోంచి నూకాలని ఉంటే పగటిపూట నూకమను, చూసేవాళ్ళన్నా ఉంటారు."

"పండుకున్నంక నా చెయ్యి ఏం చేస్తాందో నాకేం తెలుసత్తా?" అంది సరోజ.

నేను పడీపడీ నవ్వాను. అలవాటుపడ్డ చెయ్యి కదా, పక్కన ఎవరుంటే వాళ్ళను నూకింది. అంతకుమించి నాకేమీ తోచలేదు.

తర్వాతి పంటలో పురుగులు మళ్ళీ నిద్రకు పోగానే రెండోసారి వెళ్ళాను. ఈసారి వెల్లకిలా పడుకోమని మరీ మరీ చెప్పారు. అలాగే పడుకున్నాను. తెల్లారి మళ్ళీ అదే మాట: నార్మల్.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "అమ్మా, ఇంట్లో రోజూ చచ్చి బతుకుతున్నాను, మీ మంచం ఎక్కగానే బాగైపోతున్నాను. పోనీ ఆ మంచం ఇచ్చేయండి, తీసుకుపోతాను" అన్నాను. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఇంకొక్క అవకాశం ఇస్తామంది. అప్పుడూ ఇంతే అయితే పేరు తీసేస్తారట.

వైర్లు ఊడదీసే అమ్మాయి పేరు మంజుల. బాగేపల్లి పిల్ల. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, ఇదొకటి చూడు. నువ్వు ఎట్ల తిరగతాండావో నాకు అర్థం కాలే."

కంప్యూటర్లో వీడియో పెట్టింది. చీకట్లో తీసిన బూడిదరంగు బొమ్మ. వెల్లకిలా పడుకుని ఉన్నాను, చేతులు రెండూ పొట్టమీద. ఊపిరి ఆగబోతోంది, బొమ్మ కింద ఊపిరిని చూపించే గీత సన్నబడుతోంది. అంతలో నా ఎడమ భుజం లేచింది. నిద్రలో మనిషి తిరిగితే కాలు మడుస్తాడు, నడుం కదిలిస్తాడు. నాకు కాళ్ళు కదల్లేదు, చేతులు కదల్లేదు. ముందు భుజం లేచి, దాని వెనక ఒళ్ళంతా కుడివైపు దొర్లింది, గోనెసంచిని ఎవరో తోసినట్టు. తర్వాత ఊపిరి మామూలైంది. కాసేపటికి మళ్ళీ వెల్లకిలా వచ్చాను, ఊపిరి సన్నబడింది, భుజం లేచింది. మంజుల వీడియో జరుపుతూ పోయింది. రాత్రంతా అదే.

ఆ గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గర ఇంకో కెమెరా ఉంది, అదీ చూపించింది.

భయం వేసింది. కానీ భయం కన్నా కోపమే ఎక్కువ. ఎవరో ఏమో గానీ, నా ప్రాణం కాపాడుతూ నా బతుకుదెరువు మీద దెబ్బ కొడుతున్నారు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ చాప చుట్టి వేరే గదిలో పెట్టేసుకుంది. ఈసారి నడుమ దిండు అడ్డం పెట్టుకుని పడుకుందట. సరోజ దిండును కూడా కలిపి నూకిందట. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే, తాగుడుకు తోడు పిచ్చి కూడా పట్టిందంటారు.

మూడోసారి తేదీ వాళ్ళే ఇచ్చారు, మార్చడం కుదరదన్నారు. ఖర్మకొద్దీ సరిగ్గా ఆ రోజే పురుగులు పండాయి. పండడమంటే గూడు కట్టడానికి తయారవడం. ఒళ్ళు పసుపుగా మెరుస్తుంది, తిండి మానేస్తాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి, గూళ్ళు కట్టే వెదురు తడకల మీద, అదే చంద్రికల మీద వదలాలి. ఆలస్యమైతే పట్టు దండగ. ఆ రాత్రి పురుగులున్న ఇంట్లో ఎవరూ కన్ను మూయరు, చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చి ఏరతారు.

"పురుగులు పండిన పొద్దు పండుకోను పోతాండావా? నీలాంటి మొగుడు ఈ తాలూకాలో ఉండడప్పా" అంది సరోజ.

"పోకపోతే తాళం రాదు మే" అన్నాను. తలెత్తకుండా పురుగులు ఏరుకుంటూ ఉండిపోయింది. మొహం చూపించుకోలేక బస్సెక్కాను.

తెల్లారి లేచేసరికి తల బండలా ఉంది, నోరు ఎండిపోయి ఉంది. డాక్టరమ్మ నా ముందు కూర్చుని చాలా మెల్లగా చెప్పింది. ఊపిరి రాత్రంతా ఆగుతూనే ఉందట. జబ్బు బాగా ముదిరి ఉందట. రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోతోందట. "నిజమేనా అమ్మా? చాలా ముదిరిందా?" అని ఆనందంగా అడిగాను. ఆ గదిలో అలాంటి కబురు విని చేతులెత్తి దండం పెట్టినవాడు నాకు ముందు ఇంకొకడు ఉండడు.

వచ్చేటప్పుడు మంజులను అడిగాను, భుజం సంగతేమిటని.

"రేతిరంతా వెల్లకిలానే ఉండావన్నా. ఒక్కసారి మాత్రం తిరిగినావు, తెల్లారబోతా ఉంటే. ముందు మాదిరే, భుజం లేచింది."

ఒక్కసారే. అది గట్టిగా గుర్తు పెట్టుకుని బస్సెక్కాను.

ఇంట్లో చంద్రికలన్నీ నిండి ఉన్నాయి. సరోజ మొహం వాచిపోయి ఉంది. మా అమ్మ నన్ను చూడగానే మొదలుపెట్టింది. రాత్రంతా బాగానే ఏరిందట కోడలు. కోడి కూసే వేళకు తట్ట ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని రవ్వంత కునుకు తీసిందట.

"అంతే, ఉన్నట్టుండి కుడిచెయ్యి ఎత్తి గాలిని నూకింది రా! తట్ట ఎగిరి పడె. పండిన పురుగులన్నీ మన్నుపాలు. పక్కన ఎవురూ లేరు, ఎవుర్ని నూకిందో ఆ తల్లికే తెలవాల!"

నేనేమీ అడగలేదు, ఆమె తనంతట తనే చెప్పింది. మంజులకు మా అమ్మ తెలియదు, మా అమ్మకు మంజుల తెలియదు.

తర్వాత మిషను తెచ్చుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె ఎగతాళి చేయలేదు. ఇన్నేళ్ళు నూకించుకున్న ఒళ్ళు కదా, ఊపిరి ఆగబోతే తనంతట తానే తిరగడం నేర్చుకుని ఉంటుందంది. బాగుంది. మరి మూడో రాత్రి ఆ నేర్చిన ఒళ్ళు ఎందుకు మరిచిపోయింది? ఒక్కో రాత్రి ఒక్కోలా ఉంటుందంది. అదీ బాగుంది. మరి తెల్లవారుజామున ఇంట్లో సరోజ చెయ్యి గాల్లో లేస్తే, ఇక్కడ నా భుజం ఎందుకు లేచింది? దానికి ఆమె పెన్ను మూత పెట్టి, మాస్కు ఎలా కడగాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె తప్పేమీ లేదు.

బాబురెడ్డి కొన్నాళ్ళు నా పగటి మెలకువ చూసి, డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి తాళం చేతిలో పెట్టాడు. "తాగలేదని ముందే చెప్పొచ్చు కదప్పా" అన్నాడు! పళ్ళు కొరుక్కుని బండెక్కాను. మాస్కు తగిలించుకుంటే ఏనుగుకు చుట్టంలా ఉంటాను గానీ, ఊపిరి ఆగడం లేదు. సరోజ చెయ్యి కూడా రాత్రుళ్ళు నెమ్మదించింది. మా అమ్మ చాప మళ్ళీ ఫ్యాను దగ్గరికి చేరింది.

ఒకరోజు ఆకు తరుగుతుంటే ఉండబట్టలేక సరోజను అడిగేశాను.

"ఏమ్మే, నువ్వేమో ఈడ, నేనేమో చిక్కబళ్ళాపురంలో. నీ చెయ్యి అంత దూరం ఎట్ల వచ్చిందే?"

ఆమె కత్తి ఆపలేదు, నావైపు చూడనూ లేదు.

"పెండ్లిలో నా కుడిచెయ్యి పట్టుకొని పోయింది నువ్వు. అది రేతిరిళ్ళు యాడ తిరగతాండాదో నన్నడిగితే నాకేం తెలుసప్పా?"