బియ్యం డబ్బా మూత

మా ఇంట్లో బియ్యం డబ్బా మూతకి ఒక గుణం ఉంది. ఎంత మెల్లగా తీసినా టప్పుమంటుంది. దొంగలకి పనికిరాని డబ్బా. ఆ చప్పుడు నేను తొమ్మిదేళ్లు విన్నాను, వినీ విననట్టున్నాను.

నేను రొయ్యల చెరువు మీద పనిచేస్తాను. రాజోలు దాటాక కాలవ గట్టున మా ఇల్లు, అక్కడికి పది నిమిషాల నడకలో చెరువు. చదువు ఆరో తరగతితో ఆగింది. నేను బడికి రాకపోతే ఇద్దరికీ సుఖమని లెక్కల మాస్టారూ నేనూ ఒకే అభిప్రాయానికి వచ్చాం. మా ఇద్దరికీ కుదిరిన లెక్క అదొక్కటే. తరవాత రొయ్యలే నాకు లెక్కలు నేర్పాయి. మేత చల్లేటప్పుడు, నీళ్లలో ముంచి ఉంచే నాలుగు ట్రేలలో కూడా పిడికెడు మేత వెయ్యాలి. రెండు గంటలయ్యాక ట్రేలు పైకి లాగి చూడాలి. మేత మిగిలిందంటే రొయ్యకి ఎక్కడో తేడా చేసినట్టు. వారానికోసారి వల విసిరి, పడ్డవాటిని తూచి, కిలోకి ఎన్ని తూగాయో రాయాలి. ఆ పనిని శాంప్లింగు అనీ, ఆ అంకెని కౌంటు అనీ అంటాం.

అందుకే పరిశోధన తరఫున తిరిగే ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చి సంగతి చెప్పినప్పుడు నాకు ఇట్టే అర్థమైంది. అప్పుడు మా ఆవిడకి నాలుగో నెల. ఆవిణ్ని ఊళ్లో ఆశా వర్కరు వెంటబెట్టుకొచ్చింది. భుజాన సంచీ, చేతిలో కాగితాల అట్ట. కొత్తపేట వైపు మనిషి. ఏదో పరిశోధన జరుగుతోందట. కడుపుతో ఉన్నవాళ్లని ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉండి, పుట్టిన బిడ్డ పెద్దయ్యేదాకా ఇంటికొచ్చి బరువూ పొడుగూ తిండీ జ్వరాలూ అన్నీ రాసుకుంటారట.

"అంటే మా ఇల్లు చెరువు, మీది శాంప్లింగు అన్నమాటండి" అన్నాను.

"ఆయ్, అలాగే అనుకోండి అన్నయ్య గారూ. కాకపోతే మా దగ్గర పట్టుబడి ఉండదు" అంది.

రొయ్యలు పట్టి అమ్మడాన్ని పట్టుబడి అంటాం. మాట తిరగ్గొట్టిందంటే మనిషి పనికొస్తుందనుకున్నాను. సంతకం పెట్టాను. మా ఆవిడా పెట్టింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. నిన్న ఏం తిన్నారు అని మా ఆవిడని అడిగింది. మా అమ్మ అక్కడే గుమ్మంలో కూర్చుని ఉంది. నేను అందుకుని చేపల పులుసు, తోటకూర పప్పు, గుడ్డు, గడ్డ పెరుగు అని చెప్పాను. నిజానికి పులుసు వాసన వచ్చింది పక్కింట్లోంచి. మేం తిన్నది చారూ చింతకాయ పచ్చడీ. మా వైపు ఎవరైనా భోజనంలోకి ఏంటండీ అని అడిగితే అది మర్యాద కోసం అడిగేది. దానికి మర్యాదే బదులివ్వాలి గాని నిజం చెప్పకూడదు. ఆవిడ ఆ మర్యాదని తీసుకెళ్లి కాగితం మీద ఎక్కిస్తోందని నాకు అప్పుడు తట్టలేదు.

తరవాత ఇంకో ప్రశ్న వచ్చింది.

"తిండి కానివేవైనా తినాలనిపిస్తోందా వదిన గారూ? మట్టి, బలపం, బూడిద, పచ్చి బియ్యం?"

మా ఆవిడ నేల చూసింది. మా అమ్మ మా ఆవిడని చూసింది.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. మా పెళ్లికి వాన పడింది. మామూలు వాన కాదు, పందిరి కుంగింది, పంతులు గారి మంత్రాలు తడిసిపోయాయి. పచ్చి బియ్యం తిన్న పిల్ల పెళ్లికి వాన పడుతుందని మా వైపు ఒక మాట ఉంది. మా అమ్మ ఆ మాటని పెళ్లిలోనే మూడు వరసల దాకా వినిపించింది. అప్పటినుంచీ పచ్చి బియ్యం మా ఇంట్లో నేరం. మా ఆవిడ పెళ్లికి ముందు తిన్నదో లేదో నాకు తెలియదు గాని, మూడో నెల నుంచి మాత్రం మధ్యాహ్నం పూట మూత టప్పుమనేది.

"ఏటండీ అలా అడుగుతారు?" అన్నాను. "ఇది కోనసీమండి. మేం బియ్యం వండుకునే తింటాం. గ్యాసు కూడా ఉంది."

మా అమ్మ నవ్వింది. ఆవిడ కూడా నవ్వి, లేదు అని రాసుకుంది.

అమ్మాయి పుట్టింది. ఆవిడ ఆరు నెలలకోసారి, తరవాత ఏడాదికోసారి వచ్చేది. మొదటిసారి బిడ్డని తూచినప్పుడు, కౌంటెంతండి అని అడిగాను. మూడు కిలోలకి ఒకటి అన్నయ్య గారూ అంది. ఆరో నెలలో ఏడు కిలోలకి ఒకటైంది. నన్ను అన్నయ్య గారూ అని పిలవడంతో మా అమ్మాయికి ఆవిడ మేనత్త అయిపోయింది. అత్తా అని వెళ్లి ఆవిడ టేపు తీసి మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగేది. కాగితాలు పోయి ట్యాబు వచ్చింది. ట్యాబుకి జ్ఞాపకం ఎక్కువ. పోయినసారి చెప్పిన జవాబు అదే చూపిస్తుంది. తిండి కానివేవైనా అని ఆవిడ మొదలుపెట్టగానే, అదే జవాబండి అనేవాణ్ని. ఆవిడ వేలితో నొక్కేది. నాకూ ఆవిడకీ పని తొందరగా అయిపోయేది.

పోయినేడు అమ్మాయి మూడో తరగతిలో ఉండగా, బళ్లో పరుగు పందెంలో మధ్యలోనే కూర్చుండిపోయింది. ఈ అత్తే వచ్చి వేలు గుచ్చి చూస్తే రక్తం తక్కువ. పరిశోధన వాళ్ల డాక్టరు గారు అమలాపురంలో ఉంటారు. ఆయన నులిపురుగుల మందు, రక్తానికి ఒక సిరప్పు ఇచ్చారు. మూడు నెలలయ్యాక ఫోన్లో అడిగారు, మందు తాగిందా అని. "గ్లాసు కూడా నాకేసిందండి" అన్నాను. అమలాపురం రమ్మని మళ్లీ రక్తం తీశారు. ఇంచుమించు ఎక్కడిదక్కడే ఉంది.

డాక్టరు గారు ట్యాబు పైకీ కిందకీ జరిపి చూశారు.

"తిండికి లోటు లేదు. మందు పూర్తిగా వాడారు. తిండి కానివి తినే అలవాటు తల్లికీ లేదు, పిల్లకీ లేదు. అయినా రక్తం పెరగలేదంటే లోపల వేరే కారణం ఉందేమో చూడాలమ్మా. కాకినాడ పెద్దాసుపత్రికి రాస్తాను. రక్తం పరీక్షలు చేస్తారు. అవసరమైతే ఎముకలోంచి కూడా తీసి చూస్తారు."

తిరిగొచ్చే బస్సులో మా ఆవిడ అమ్మాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంది. పి.గన్నవరం దగ్గర అడిగింది.

"ఎముకలోంచంటే ఎక్కడ తీత్తారండి?"

నాకు తెలియదన్నాను. నడుం దగ్గర, పేద్ద సూదితో అని వెనక సీటాయన చెప్పాడు. మా వైపు అడక్కుండా చెప్పేవాళ్లకి లోటు లేదు. అమ్మాయి అది విని ఇల్లు చేరేదాకా వాళ్లమ్మ కొంగు వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం మూత రెండుసార్లు టప్పుమంది. నేను గుమ్మం బయట చిరిగిన ట్రేకి వల కుడుతున్నాను. మొదటి చప్పుడు మా ఆవిడది. ఆవిడ చెయ్యి నాకు తెలుసు. రెండోది చిన్న చెయ్యి. లోపలికి తొంగి చూశాను. అమ్మాయి బుగ్గలో బియ్యం పెట్టుకుని కరకరా నములుతోంది. డబ్బా వెనక సిరప్పు సీసా ఉంది. సగానికి పైనే ఉంది.

మేత మిగిలిన ట్రే చూస్తే ఏం చెయ్యాలో నాకు తెలుసు. రొయ్యల విషయంలో వెంటనే చేస్తాను. ఇక్కడ మాత్రం మూడు రోజులు ఊరుకున్నాను. ఎందుకంటే, నిజం చెబితే అమ్మాయికి ఆ సూది తప్పొచ్చు, కానీ తొమ్మిదేళ్లు అన్నయ్య గారూ అని పిలిచిన మనిషి ముందు నేనేంటో తేలిపోతుంది. తేలకపోతే బాగుండునని అనుకున్నాను. సోమవారం కాకినాడ ప్రయాణం.

శనివారం అత్త వచ్చింది. కాకినాడ పంపేముందు ప్రశ్నలన్నీ ఇంకోసారి అడగమన్నారట డాక్టరు గారు. మా అమ్మ చెల్లెలింటికి వెళ్లింది, ఇంట్లో లేదు. చాప మీద ఆవిడా నేనూ కూర్చున్నాం, మా ఆవిడ వంటింట్లో ఉంది. నేను ముందుగా నీళ్ల లోతు కొలిచి చూశాను.

"ఇన్నేళ్ల రాతల్లో ఎక్కడైనా తప్పు దొరికితే ఏం చేస్తారండి?"

"తప్పుని బట్టండి. మరీ ఎక్కువైతే ఆ ఇంటిని లెక్కలోంచి తీసేస్తారు. నేను తొమ్మిదేళ్లు తిరిగిందంతా కాలవలో కలిసినట్టే. ఏం అన్నయ్య గారూ?"

"ఊరికే అడిగేనండి."

ఆవిడ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది. "తిండి కానివేవైనా..."

"అదే జవా..." అన్నాను.

లోపల మూత టప్పుమంది. మా ఆవిడ ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో సీసా తెచ్చి చాప మీద పెట్టింది.

"ఆయన్ని అడక్కండి వదిన గారూ. నన్నడగండి. తింటానండి. ఇది కడుపులో ఉన్నప్పుడు మొదలైంది, ఇప్పటికీ మానలేదు. నన్ను చూసి అదీ నేర్చింది. మందు వాంతులవుతున్నాయంటే మానిపించేసేను. గుడ్డు వారానికి ఒకటో రెండో. పులుసు సంగతి పక్కింటోళ్లని అడగండి."

అని పిడికెడు బియ్యం తీసి ఆవిడ ముందే నోట్లో వేసుకుంది. కరకరా నమిలి మింగింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేంటి వదిన గారూ?"

"మీరు అడిగేరు, ఆయన చెప్పేరు. మధ్యలో నాకు చోటేదండీ?" అని నా వైపు తిరిగింది. "రొయ్యలకైతే ట్రే ఎత్తి చూత్తారు కదండీ మీరు. మాకు నోటితో రాయించేత్తారా?"

నేను గుమ్మం పక్కన ఆనించిన ట్రే అందుకుని, కుట్టిన ముళ్లు చూసుకున్నాను. గట్టిగానే పడ్డాయి.

అత్త కోప్పడలేదు. కోప్పడితే నాకు కాస్త సులువుగా ఉండేది. డాక్టరు గారికి ఫోన్ చేసి అంతా చెప్పింది. రక్తం లేనివాళ్లకి ఇలాంటివి తినాలనిపించడం ఉన్నదేనట. కాకినాడ ఇప్పుడే వద్దన్నారు ఆయన. రెండు నెలలు మందు నిజంగా తాగించి చూద్దాం, అప్పటికీ పెరగకపోతే వెళ్లక తప్పదు అన్నారు. తల్లి రక్తం కూడా చూడమన్నారు. చూస్తే మా ఆవిడది అమ్మాయి కంటే తక్కువ. తనకీ మందు రాశారు.

ఫోన్ పెట్టేశాక అత్త ట్యాబులో జవాబు మార్చింది. ట్యాబు ఒప్పుకోలేదు. పాత జవాబులతో సరిపోవడం లేదు, కారణం రాయండి అని ఎర్రక్షరాలు వచ్చాయి.

"ఏం రాయమంటారు అన్నయ్య గారూ?"

"రాసుకోవడంలో పొరపాటు అని పెట్టేయండి" అన్నాను.

"రాసుకున్నది నేను కదండీ."

అమ్మాయి టేపు మెడలో వేసుకుని మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

"తల్లినడిగితే తండ్రి చెప్పేడని రాయండి" అంది మా ఆవిడ.

అలాగే రాసింది.

ఆ రెండు నెలలూ మందు నేనే పోశాను. అమ్మాయి ముక్కు మూసుకుని తాగేది. ఆ తరవాత గ్లాసు బోర్లించి నాకు చూపించాలి, చుక్క పడకూడదు. రెండుసార్లు నా లుంగీ మీదే కక్కింది. రెండు నెలలయ్యాక చూస్తే ఇద్దరికీ రక్తం పెరిగింది, ఎక్కువ కాదు గాని పెరిగింది. కాకినాడ ఉత్తరం డాక్టరు గారు చింపలేదు, సొరుగులో పెట్టుకున్నారు. మమ్మల్ని పరిశోధనలోంచి తియ్యలేదు. మా ఇంటి నంబరు పక్కన ఒక గుర్తు పెట్టారట. ఆ గుర్తుకి అర్థమేంటండీ అని అడిగితే, "భర్త అని అర్థమండి అన్నయ్య గారూ" అంది.

మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి నాకు చాప మీద చోటు లేదు. పంపు దగ్గర నిలబడ్డాను. కిటికీ తెరిచే ఉంది. ఆ ప్రశ్న ఈసారి అమ్మాయినే అడిగింది.

"మొన్న రెండు గింజలు తిన్నాను అత్తా. నిన్న తినలేదు. ఇవాళ ఇంకా తెలీదు."

అది ఊరికే అంటోందండీ అని చెబుదామని కిటికీ దగ్గరికి వెళ్లాను.

"అన్నయ్య గారూ" అంది ఆవిడ, తల ఎత్తకుండానే. "చెరువు దగ్గర ట్రేలు చూసే టైము అవలేదా?"

అయింది. వెళ్లాను. నాలుగూ పైకి లాగి చూశాను. రెంటిలో మేత మిగిలింది. మిగిలిందనే రాశాను.